సస్సీ వెనక వల

మా బుర్జ్ సల్మా రేవులో వలలకేం కొదవ లేదు. కవళ్ళ వలలున్నాయి, రొయ్యల వలలున్నాయి, మా నాన్న కాలం నాటివి ఇంకా సముద్రంలో దిగుతూనే ఉన్నాయి. అయితే ఆ ఏడాది సస్సీ వెనక కట్టిన వల పట్టినంతగా ఏ వలా పట్టలేదు. ఆదివారం వస్తే చాలు, నిండేది. ఆ వల కట్టింది నేనే. పాత కవళ్ళ వల కోసి గోలు కర్రలకి బిగించాను. సోమవారం పొద్దున్నే వెళ్ళి చిరుగులు కుట్టుకునేవాణ్ణి. పడవ మానేశాక చేతులు ఊరికే ఉండకూడదని పెట్టుకున్న పని అది. ఆ ఏడాది మాత్రం పడవ మీద ఉన్నప్పటికంటే ఎక్కువ పనే పడింది.

సస్సీ అంటే మా హిలాల్ క్లబ్బు గోలీ. నలభై దాటినవాడు. రేవులో చేపల వేలానికి కేకలేస్తాడు. వాడు గొంతెత్తితే పడవ ఒడ్డుకి తగలకముందే బేరం తెగిపోతుంది. మంచివాడు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందొచ్చి కుర్చీలు మోసేది వాడే. చేతుల సంగతి మాత్రం అడక్కు. బంతి కుడివైపు వస్తే వాడు ఎడమవైపు పడతాడు. ఎడమవైపు వస్తే కుడివైపు పడతాడు. నేరుగా వస్తే ఏదో ఒక వైపు పడతాడు. జిల్లా మొత్తానికి తెలుసు.

మరి వాణ్ణి తీసేసి ఇంకోణ్ణి పెట్టుకోవచ్చుగా అంటావు. కుదరదు.

మా ఆటస్థలం సస్సీ వాళ్ళ నాన్న హాజీ ఖమైస్‌ది. ఆలివ్ చెట్లు కొట్టించి మరీ క్లబ్బుకిచ్చాడు. రాతకోతలేం లేవు. స్థలం మధ్యలో నిలబడి ఊరంతా వింటుండగా ఒక్క మాటన్నాడు: "నా ఇంటి మగాడు ఆ రెండు కర్రల మధ్య నిలబడినన్నాళ్ళూ ఈ నేల మీది. నిలబడని రోజున నా పెద్దకొడుకుది." మొదటి గోలీ ఆయనే. తర్వాత ఆయన తమ్ముడు. ఆ తర్వాత సస్సీ. సస్సీకో అన్న ఉన్నాడు, లజర్ అని. చిన్నప్పట్నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు, అంచేత వాణ్ణి వదిలేశారు. లజర్ ఆటస్థలం పక్కనే మంచు ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీకి చోటు చాలట్లేదు. ప్రతి ఆటకీ వచ్చి ముందు వరసలో కూచుంటాడు. ఆట చూడడు. కర్రల మధ్య తమ్ముడున్నాడా లేదా అని చూసుకుని వెళ్ళిపోతాడు. లజర్‌కి ముగ్గురూ ఆడపిల్లలే. సస్సీకి ఒక్కతే కూతురు, బెయా. ఇక ఇంటి మగాడంటే సస్సీయే.

మేమున్నది అట్టడుగు లీగు. దాని కింద ఇంకేం లేదు. అందులోంచి కూడా జారితే క్లబ్బు మూసుకోవడమే. క్లబ్బు లేకపోతే కర్రలు లేవు, కర్రలు లేకపోతే నేల లజర్‌ది. ఆ చలికాలం మేం జారుతున్నాం.

ఇందులో ఇంకో బాధుంది. నా మనవడు నూరీ. మా పెద్దాడి కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. వాడూ గోలీయే. వాడు బంతి పట్టుకుంటే, గోడకి మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోతుంది. మా తీరంలో అలాంటి చేతులు ఇంకోడికి లేవు. అయినా సస్సీకి మారుగా బల్ల మీద కూచోవడమే వాడి పని. వాడి చేతిజోళ్ళు కొన్ననాడు ఎంత తెల్లగా ఉన్నాయో అంతే తెల్లగా ఉన్నాయి.

సరే, అంతా కలిసి కాఫీ కొట్లో కూచున్నాం, క్లబ్బుని బాగుచెయ్యాలని. ప్రెసిడెంటు టూనిస్‌లో పనుందని వెళ్ళాడు. పని అవలేదు కాబోలు, రాలేదు. ఆఖరి కోచ్ సగం ఆటలో నీళ్ళు తాగొస్తానని వెళ్ళాడు. ఎక్కడ తాగుతున్నాడో ఇప్పటికీ తెలీదు.

సెలూన్ జుహైర్ లేచాడు. వాడు కమిటీ సెక్రటరీ. "ముందు చొక్కాలు మార్చాలి. ఆకుపచ్చ మనకి అచ్చిరాలేదు."

"చొక్కా ఏం చేస్తుందిరా, లోపల మనిషుండాలి గానీ" అన్నాడు ఓ మూల నుంచి ఒకడు.

"అయితే గొర్రెని కోసి కర్రలకి రక్తం పూద్దాం."

"పోయినేడు పూశాంగా. ఆ రోజు ఆరు గోల్స్ తిన్నాం."

"మాంసం మాత్రం బావుంది" అన్నాడు సస్సీ. వాడూ మా మధ్యే కూచున్నాడు. పుదీనా టీ అందరికీ వాళ్ళావిడ మబ్రూకే చేసి పంపింది. వాడి ముందు గ్లాసు మాత్రం ఇత్తడిది. "నన్నడిగితే, వెనక వరస ఆటగాళ్ళు బలంగా లేరు. నా ముందు పెద్ద ఖాళీ ఉంటోంది."

అందరం అవునన్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

అప్పుడు జుహైర్ ప్రెసిడెంటు ఎవరో తేల్చాలన్నాడు. డబ్బున్నవాళ్ళు గుమ్మం వైపు చూశారు. జుహైర్ నా వైపు చూశాడు. "షాబాన్ తాతకి శత్రువులెవరూ లేరు. ఏమంటావు తాతా?" అన్నాడు. నేను మాట్లాడేది నెమ్మది, నీకు తెలుసుగా. "వద్దు" అనడానికి నోరు తెరిచి, గొంతు సవరించుకునేలోపు చప్పట్లు కొట్టేశారు. కోచ్ కూడా నేనే అన్నారు. దానికీ గొంతు సవరించుకుంటుంటే జనం లేచిపోయారు.

మిగిలింది జుహైరూ, సస్సీ, నేనూ, ఇమాం హెదీ, ఓ పక్కన లజరూ. జుహైర్ నా చెవిలో అన్నట్టుగా అందరికీ వినపడేలా అన్నాడు: "నూరీగాడు ఆ ఇంట పుట్టుంటే ఎంత బావుండేది."

"పుట్టక్కర్లేదుగా" అన్నాడు హెదీ టీ ఊదుకుంటూ. "పాలు తాగినా చాలు. మన మతంలో పాలిచ్చిన తల్లి తల్లే. వాడు ఆ ఇంటి కొడుకే."

జుహైర్ గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకంటే నూరీ పుట్టినప్పటి సంగతి ఊరంతటికీ తెలుసు. కోడలు దూజాకి పురుడైన మర్నాటి నుంచి ఒళ్ళు తెలీని జ్వరం. నేనూ, మావాడూ సముద్రం మీదున్నాం. బిడ్డని చూసుకున్నది మా ఆవిడ. ఎవరో బాలింత చేత పాలిప్పించి బతికించింది. ఎవరి చేతనో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు. ఆ రోజుల్లో మా వీధిలో చంటిపిల్లతో ఉన్నవాళ్ళలో సస్సీ పెళ్ళాం మబ్రూకా ఒకతి. బెయా, నూరీ ఒకే నెల పిల్లలు.

"సస్సీ, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా అప్పుడు. చూశావా?" అన్నాడు జుహైర్.

సస్సీ పైకప్పు వైపు చూశాడు. వాడికి ఆ ఏడాది భుజం లేవట్లేదు. ఆదివారం సాయంత్రాలు వీధిలోకి రావడం మానేశాడు. నాన్న మాట ఉంది గనక నిలబడుతున్నాడు గానీ, ఎవరైనా వచ్చి పక్కకి జరగమంటే వాళ్ళ చేతులు ముద్దు పెట్టుకునేలా ఉన్నాడు.

"చూశాను" అన్నాడు. "మా ఇంట్లోనే తాగాడు. కడుపు నిండా."

జుహైర్ వాణ్ణి కావలించుకున్నాడు. హెదీ దేవుడికి దండం పెట్టుకున్నాడు. లజర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అన్నాడు: "పాలకి నేను అడ్డం చెప్పను. పాలు దేవుడు పెట్టింది." ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం, ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడు ఉన్నట్టుంది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. క్లబ్బు బాగుపడిందని నేను ఇంటికెళ్ళాను. కుస్కుస్ పళ్ళెం చుట్టూ అందరూ కూచున్నారు. చెప్పాను. నెమ్మదిగా, మొదట్నుంచీ చెప్పాను.

నూరీ చేతిలో చెంచా అక్కడే ఆగిపోయింది. లేచి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. దూజా నా వైపు చూసింది.

"మావయ్యా, మీరు క్లబ్బు బాగుచేసొచ్చారా, పిల్లాడి కొంప ముంచొచ్చారా?"

"ఏమైందమ్మా?"

"మబ్రూకా పాలిస్తే వీడు బెయాకి అన్న అవుతాడు. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటి?"

"పెళ్ళి ఎవరికి?"

దూజా నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. రెండేళ్ళుగా నూరీ, బెయా ఒకరికొకరని వీధి మొత్తానికి తెలుసట. ఈద్ వెళ్ళాక పెద్దల్ని పంపాలని దూజా, మబ్రూకా మాట అనుకున్నారట. తెలియంది నాకూ, సస్సీకే. నేనంటే ముసలాణ్ణి. సస్సీ సంగతి చెప్పాలా? బంతి ఎటొస్తుందో తెలియని మనిషికి ఇది మాత్రం ఎలా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్న చూస్తే నా గది తలుపు గొళ్ళానికి నూరీ చేతిజోళ్ళు వేలాడుతున్నాయి. తెల్లగా. వాణ్ణి వెతుక్కుంటూ ఒడ్డుకెళ్ళాను. పడవ నీడలో కూచుని ఉన్నాడు.

"ఆదివారం నువ్వు నిలబడాలిరా" అన్నాను.

"నిలబడను తాతా."

"మూడేళ్ళుగా అడుగుతున్నావుగా."

"ఇలా అడగలేదు. నేను ఆ కర్రల మధ్య నిలబడ్డానంటే పాలు తాగానని ఊరి ముందు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఆమె నాకు చెల్లెలు. చచ్చేదాకా చెల్లెలే."

"నిలబడకపోతే క్లబ్బు పోతుందిరా."

"తెలుసు. అందుకే కదా ఇక్కడ కూచున్నాను."

నేనూ కూచున్నాను. కోచ్‌గా నా మొదటి రోజు అది.

శుక్రవారం నమాజు అయ్యాక కాఫీ కొట్టు కిటకిటలాడుతోంది. పేకాట జోరుగా ఉంది. జుహైర్ కొత్త చొక్కాల లెక్క చెబుతున్నాడు, ఆకుపచ్చవే. అప్పుడు మబ్రూకా లోపలికొచ్చింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కాఫీ కొట్టు గుమ్మం తొక్కరు. తెల్లటి దుప్పటి నిండా కప్పుకుని, సరాసరి మధ్యలోకొచ్చి నిలబడింది. పేక ముక్కలు ఉన్నవి ఉన్నట్టు ఆగిపోయాయి. సస్సీ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో వాడికే తెలీదు.

"షాబాన్ మావయ్యా" అంది నాతో, "ఇప్పుడు ప్రెసిడెంటు మీరేనట. ఒక మాట అడుగుతాను. నేను ఎవరికి పాలిచ్చానో మీ కమిటీ తీర్మానిస్తుందా?"

నేను గొంతు సవరించుకున్నాను.

"మీ ఆయనే చెప్పాడు వదినా" అన్నాడు జుహైర్. "సస్సీ కళ్ళారా చూశాడట."

"అయితే ఆయనే ఇచ్చుంటాడు. ఆయన్నే అడగండి."

ఎవరో దగ్గారు. అది నవ్వే, దగ్గులాగా బయటికొచ్చింది.

"నేనివ్వలేదు" అంది మబ్రూకా. "నా కూతురికే సరిపోయేవి కావు. ఆ బిడ్డకి పాలిచ్చింది రొట్టెల బట్టీ సల్హా. షాబాన్ మావయ్యా, మీ ఆవిడ రోజూ తెల్లారి ఎత్తుకెళ్ళి తాగించి తెచ్చేది, నేను గుమ్మంలోంచి చూసేదాన్ని. సల్హా ఇప్పుడు స్ఫాక్స్ పట్నంలో ఉంది. కావాలంటే వెళ్ళి అడగండి."

"సల్హా వాళ్ళు..." అన్నాడు జుహైర్ ఆశగా, "హాజీ ఖమైస్‌కి ఎక్కడైనా చుట్టాలవుతారా?"

"అవరు."

హెదీ తల ఊపాడు. "పాల సంగతిలో తల్లి మాటే మాట. అయిపోయింది."

సస్సీ చెవులు ఎర్రబడ్డాయి. "నేను... క్లబ్బు కోసం..." అన్నాడు.

"క్లబ్బు కోసం కూతురి పెళ్ళి చెడగొడతావా?" అంది. సస్సీకి ఆ పెళ్ళి సంగతి తెలిసింది అలాగ. యాభై మంది ముందు. వాడు నెమ్మదిగా కుర్చీలో కూచుని నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను.

ఒకడన్నాడు, "మరీ మంచిది! అల్లుణ్ణి చేసుకుంటే ఇంటి మగాడే కదా?"

లజర్ కాఫీ ముగించి కప్పు బోర్లించాడు. "అల్లుడు ఇవాళ అల్లుడు. రేపు విడాకులిస్తే ఎవరో. మా నాన్న 'నా ఇంటి మగాడు' అన్నాడు, 'నా ఇంటికొచ్చిన మగాడు' అనలేదు. నిలబడితే సస్సీ నిలబడాలి. లేదా ఎవరూ వద్దు." లేచి చొక్కా సర్దుకున్నాడు. వాడి ఫ్యాక్టరీలో కరెంటు వచ్చేసింది.

మబ్రూకా వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆయన దగ్గరికి బంతి రాకుండా చూసుకోవడం మీ పదిమందికీ చేతకావట్లేదా? ఇరవై ఏళ్ళుగా ఆయన చేతికి గాజు గ్లాసు అందకుండా నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను."

వెళ్ళిపోయింది. నేను సస్సీ ముందున్న ఇత్తడి గ్లాసు చూశాను. చాలాసేపు చూశాను. అప్పుడు నాకు ఆట అర్థమైంది.

మర్నాడు అందర్నీ ఆటస్థలానికి పిలిచాను. ముందుగా జుమాని పక్కన పెట్టాను. వాడు జుహైర్ మేనల్లుడు, ముందువరస ఆటగాడు, మా ఊరి అందగాడు. గోలు కొట్టాక పరిగెత్తడం వచ్చు, కొట్టకముందు రాదు. "నన్ను తీసేసి ఎవర్ని పెడతావు తాతా?" అన్నాడు. "నీ చోటు తీసేస్తున్నాను" అన్నాను. జుహైర్ రెండు వారాలు నాకు గడ్డం గియ్యలేదు. పడవల మీద వల లాగే కుర్రాళ్ళని నలుగుర్ని తెచ్చాను. వాళ్ళకి బంతి తన్నడం పెద్దగా రాదు. కానీ పక్కవాడు ఎటు జరిగితే తనూ అటు జరగడం వచ్చు. జరక్కపోతే వల పోతుంది, వాళ్ళకి అలవాటే. వాళ్ళ మధ్యలో, సస్సీకి సరిగ్గా ముందు, నూరీని నిలబెట్టాను.

"గోలీనైన నన్ను కాళ్ళతో ఆడమంటావా?" అన్నాడు.

"ఆమె నీకు చెల్లెలు కాదు గనక కాళ్ళతోనే ఆడాలి" అన్నాను.

ఆడతానన్నాడు.

నాయకత్వం సంగతి మిగిలింది. మా క్లబ్బులో కెప్టెన్ని ఒక ఏడు పైవీధి నుంచి, ఒక ఏడు కిందవీధి నుంచి ఎన్నుకునేవాళ్ళు. అంచేత ప్రతి ఏడూ సగం మంది కెప్టెన్ మాట వినేవాళ్ళు కాదు. నేను సస్సీని చేశాను. కొట్లో నవ్వారు. నవ్వనీ. వెనక నిలబడ్డవాడికి ఆటంతా కనపడుతుంది, వాడి గొంతు రేవు దాటి వినపడుతుంది. వాడికి రానిది చేతుల పని ఒక్కటే.

సస్సీ మొదట ఒప్పుకోలేదు. వాడు ఇంట్లో మబ్రూకాతో మాట్లాడ్డం మానేశాడు, వీధిలో నాతో మాట్లాడ్డం మానేశాడు. నూరీ ఓ రోజు ధైర్యం చేసి వేలం దగ్గరికెళ్ళాడు. కవళ్ళ బుట్టల మధ్య నిలబడి, "మావా, పెద్దల్ని పంపమంటావా?" అన్నాడు.

సస్సీ బుట్టల వంకే చూస్తూ అన్నాడు: "మా నాన్న నేల నా చేతుల్లోంచి జారిపోయిన ఏడు నా ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఏ మొహంతో తిరగను? ముందు ఈ ఏడాది గట్టెక్కనీ. గట్టెక్కితే పంపు. ఎక్కకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకు." తర్వాత వేలం మొదలెట్టాడు. ఆ రోజు కేకలకి పిల్లులు కూడా పారిపోయాయి.

అదే గొంతు ఆదివారం ఆటలోకొచ్చింది. "నూరీ, ఎడం! మహ్రజ్, మూసెయ్! ఒరేయ్ గాడిదా, నీ వెనక వస్తున్నాడు, వెనక!" వాడు చేపల్ని అమ్మినట్టే అవతలివాళ్ళని మావాళ్ళకి అప్పజెప్పేవాడు. బంతి వాడిదాకా రావడం మానేసింది. మేం గోలు కొట్టలేదు, తినలేదు. మళ్ళీ ఆదివారం కొట్టలేదు, తినలేదు. అలా సాగింది. చూడ్డానికి అంత చప్పటి ఆట ప్రపంచంలో ఉండదు. జనం పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. హెదీ జపమాల తెచ్చుకునేవాడు. నా వల అలా దుమ్ము పట్టింది. సోమవారాలు నాకు పొద్దు పోయేది కాదు.

ఆఖరి ఆటకి కసర్ హమ్దా జట్టు వచ్చింది. ఓడితే లీగులోంచి పోతాం, సమం చేస్తే ఉంటాం. అంతే లెక్క. సముద్రం మీంచి గాలి ఒకటే కొడుతోంది. లజర్ ముందు వరసలో కూచున్నాడు, పక్కన ఇంజనీరు లాంటి ఒకాయన్ని కూచోబెట్టుకుని. ఆయన చేతిలో కొలిచే టేపు ఉంది. ఆటస్థలం పక్కనున్న మిద్దె మీద మబ్రూకా, బెయా, దూజా నిలబడ్డారు. అది సస్సీ వాళ్ళ మిద్దే. బెయా రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుంది.

మావాళ్ళు బాగానే మూశారు. సస్సీ గొంతు పోయేదాకా అరిచాడు. పొద్దు వాలుతోంది. రిఫరీ చేతి గడియారం చూసుకున్నాడు. అప్పుడు వాళ్ళు కుడివైపు నుంచి ఒక బంతి పైకి లేపారు. గాలి దాన్ని తెచ్చి సరిగ్గా నూరీ నెత్తి మీదకి వదిలింది. తలతో కొట్టాలి, లేదా వదిలెయ్యాలి.

నూరీ ఎగిరి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఎంత బాగా పట్టుకున్నాడంటే, నేను చప్పట్లు కొట్టాను. రొమ్ముకి హత్తుకుని కిందకి దిగాడు, గోడకి మేకు కొట్టినట్టు. తర్వాత చేతుల్లోకి చూసుకున్నాడు. కసర్ హమ్దా వాళ్ళక్కూడా కాసేపు అర్థం కాలేదు.

రిఫరీ ఎర్రకార్డు చూపించి, పెనాల్టీ చుక్క మీద వేలు పెట్టాడు.

జుహైర్ నేల మీద కూలబడ్డాడు. "నీ మనవడి చేతులు విరిగిపోనూ!" అన్నాడు. లజర్ పక్కనున్నాయన టేపు కొస బయటికి లాగాడు.

పెనాల్టీ అంటే సస్సీకి ముందెవరూ ఉండరు. అరవడానికి పేరు లేదు. వాడు గీత మీద నిలబడ్డాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియట్లేదు. నూరీ బయటికి పోతూ చుట్టూ తిరిగొచ్చి, కర్రల వెనక నా వలని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.

"మావా, కదలకు" అన్నాడు.

"ఏ వైపు కొడతాడు?" అన్నాడు సస్సీ వెనక్కి చూడకుండా. గొంతు పోయింది, గాలి మాత్రం వస్తోంది.

"నీకు వైపొద్దు. నిలబడు."

"నిలబడితే ఎలా ఆపుతానురా?"

"మీ నాన్న నిలబడమన్నాడు మావా. ఆపమన్నాడా?"

వాళ్ళ పది నంబరువాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు. మంచి ఆటగాడే. సస్సీ ఎటో ఒక వైపు పడతాడని జిల్లా మొత్తానికి తెలుసని చెప్పాను కదా, వాడికీ తెలుసు. పడిపోయే మనిషికి కుడి ఎడమలెందుకు, నడిమికి కొడితే పోతుంది. నడిమికి కొట్టాడు. బలమంతా పెట్టి కొట్టాడు.

సస్సీ కదల్లేదు. బంతి వాడి బొజ్జకి తగిలింది. రేవులో పెద్ద చేపని బల్ల మీద పడేసిన చప్పుడు వచ్చింది. బంతి వెనక్కెళ్ళింది. మా జుమా అప్పటికే లోపలికొచ్చి ఉన్నాడు, ఆఖర్న ఎవరికో కాలు పట్టేస్తే వాణ్ణి పంపాను. వాడు కళ్ళు మూసుకుని తన్నాడు. అది ఆటస్థలం దాటి, గోడ దాటి, మంచు ఫ్యాక్టరీ రేకుల మీద పడింది. ఇంకో బంతి తెచ్చేలోపు రిఫరీ విజిల్ వేశాడు.

సస్సీ ఇంకా నిలబడే ఉన్నాడు. నలుగురం పట్టుకుంటే గానీ కూచోలేదు. మిద్దె మీంచి ముందుగా వినపడింది మబ్రూకా కేక. మొగుడి గొంతుకి ఏం తీసిపోలేదు. లజర్ టేపాయనతో ఏదో చెప్పి పంపించేశాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా, రేకుల మీద బంతేం లేదంటాడు.

మూడో రోజు సాయంత్రం మేం పెద్దలం సస్సీ ఇంటికెళ్ళాం. నేనూ, మావాడూ, హెదీ, జుహైరూ. నూరీ గడ్డం గీయించుకున్నాడు, నాకూ గీశాడు జుహైర్. మబ్రూకా బాదంపప్పు వేసిన టీ తెచ్చింది, మాకు గాజు గ్లాసుల్లో, సస్సీకి ఇత్తడి గ్లాసులో. వాడు దాన్ని పట్టించుకోలేదు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చొక్కా ఎత్తి బొజ్జ చూపిస్తున్నాడు. ఆలివ్ నూనె రాసి ఉంది. బంతి ఎంతో అంత గుండ్రంగా, ఎర్రగా ఉంది. దాని మీద బంతి కుట్లు కూడా కనపడుతున్నాయి. హెదీ కళ్ళు దగ్గరగా పెట్టి చూసి, దేవుడు గొప్పవాడన్నాడు.

లజర్ కూడా వచ్చాడు. పెద్దన్న కదా, రాకపోతే బావుండదు. వాడికీ చూపించాడు. లజర్ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "మంచు పెట్టాల్సింది" అన్నాడు.

నేను బెయాని అడిగాను, నూరీ కోసం. నెమ్మదిగా, మొదట్నుంచీ అడిగాను. మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సస్సీ నూరీ వైపు చాలాసేపు చూశాడు. నూరీ నేల వైపు చూశాడు. లోపలి గదిలో బెయా గాజుల చప్పుడు ఆగిపోయింది.

"సరే" అన్నాడు సస్సీ.

మాట ఖాయం చేసుకోవడానికి ఫాతిహా ప్రార్థన చదువుదామన్నాడు హెదీ. అందరం రెండు చేతులూ పైకెత్తాం. నూరీ కూడా ఎత్తాడు.

"నువ్వు మాత్రం ఆ చేతులు దించు" అన్నాడు సస్సీ.